లేని మనిషి సంతకం

మీరు దొంగలు. సినిమా తీసినవాళ్ళు, సినిమాకు కాయితాలు తయారు చేసినవాళ్ళు, ఆ కాయితాన్ని ప్లాస్టిక్ ఫైలులో పెట్టి నా చేతికిచ్చి "ఊరికే ఒక ఫార్మాలిటీ ఆంటీ" అని నవ్విన మీ అసిస్టెంట్ డైరెక్టర్ ప్రియంక, అందరూ దొంగలే. ఈ మాట మొన్న మీ ఆఫీసులోనే మొహాన కొట్టి ఉండాల్సింది. కొట్టలేదు. మీరిచ్చిన కాఫీ తాగి, మీరు కప్పిన శాలువా మడిచి సంచిలో పెట్టుకుని వచ్చాను. ఇప్పుడు మదురై మాట్టుతావణి బస్టాండులో ఇనప కుర్చీ మీద కూర్చున్నాను, ఒళ్ళో సంచి, సంచిలో శాలువా బదులు మీ కాయితం, పదకొండు గంటల ఎండ చెప్పుల దాకా వచ్చింది. ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. ముప్పై ఏళ్ళ కింద కోయంబత్తూరు సింగానల్లూరు మిల్లులో పనిచేసిన ఆడపిల్లలం ఒక రాక్ బ్యాండు పెట్టాం, రింగ్‌ఫ్రేమ్ అని పేరు. ముగ్గురం. మీ సినిమాలో ఇద్దరే ఉన్నారు. డ్రమ్ములు కొట్టే తిలకవతి, అంటే నేను. బేస్ గిటారు కృత్తిక. మూడోది జెబమలర్, గిటారు వాయించింది, పాడింది. ఆమె ట్రైలర్‌లో లేదు, పోస్టర్‌లో లేదు, మీరు నాకు చదివి వినిపించిన కథలో లేదు. మరి లేని మనిషి సంతకం మీకెందుకు?

జెబమలర్ పన్నెండుకు వస్తానంది. ఇంకా గంట. "తిలకవతి కాయితం తెస్తే మాట్లాడతా, ఇంకెవరొచ్చినా మాట్లాడను" అని మీ మనుషులకు చెప్పిందట. నేనే ఎందుకు? ముప్పై ఏళ్ళు ఒక్క మాట లేదు, ఒక్క చావుకు కబురు లేదు, ఇప్పుడు నేనే కావాలా? మీరు ముందే ఆమెతో మాట్లాడుకుని నన్ను ఇక్కడ కూర్చోబెట్టారా? పక్క కుర్చీలో ఒకాయన పేపరు పట్టుకున్నాడు, పావుగంటగా పేజీ తిప్పలేదు. గేటు మీటింగుల్లో ఇలాంటి వాళ్ళను చాలామందిని చూశాను, మేనేజ్‌మెంటు పంపితే వచ్చి చెవులు రిక్కించి నిలబడేవాళ్ళు. నేను ఆయన్ని చూస్తే ఆయన పేపరు పైకెత్తాడు. ఎత్తుకో. ముప్పై ఏళ్ళుగా కంపెనీ కాయితాలు చదవడమే నా పని. అవినాశిలో బనియన్ కంపెనీల ఆడవాళ్ళ సంఘం నాది, నేను కట్టింది. ఇంగ్లీషు నాకు ఏ బడీ నేర్పలేదు, పనిలోంచి తీసేసిన కాయితాలు నేర్పాయి. తెలుగు అక్షరాలూ అంతే, ఇంట్లో వాగే మాటకు అక్షరాలున్నాయని ముప్పై అయిదో ఏట తెలిసి, తిరుపతిలో ఒక వాచకం కొనుక్కుని, బస్సుల్లో నేర్చుకున్నాను. ఏ భాషలోనైనా కంపెనీ కాయితం ఒక్కటే. మొదటి మూడు పేరాలు మర్యాద, నాలుగో పేరాలో కత్తి. మీ నాలుగో పేరా ఏమంటోంది? "మలర్ అనబడే జెబమలర్ అను నేను సదరు బ్యాండులో సభ్యురాలిని కాను, అప్పుడప్పుడు సాయం చేసిన వ్యక్తిని మాత్రమే, పాటల మీద నాకు ఏ హక్కూ లేదు." సాయం. ఆ మాట దగ్గర ఏదో గీరుకుంటుంది నాకు, బస్సులో వస్తున్నప్పుడూ గీరుకుంది. ముల్లు ఎక్కడుందో చెయ్యి పెట్టి వెతకలేదు. వెతకను. ముందు మీ సంగతి చూడాలి.

తిరునెల్వేలి, తిరునెల్వేలి అని కండక్టరు గొంతు చించుకుంటున్నాడు, గోడ అవతల కూరగాయల మార్కెట్టు, ఉల్లిపాయ వాసన, తడిసిన గోనెల వాసన. ఆ వాసనకు అడ్డం పెట్టుకున్నట్టు ఫోను తీసి మళ్ళీ మీ ట్రైలర్ పెట్టాను. రెండు నిమిషాలు. నలభైసార్లు చూసి ఉంటాను. మొదటిసారి ఏడ్చాను, ఆ సిగ్గు నాది, దాచను. రెండోసారి నుంచి అనుమానం మొదలైంది. ఏం మిల్లయ్యా అది? నేల మీద మొహం చూసుకోవచ్చు. గాలిలో ఒక్క దూది పింజ లేదు. షిఫ్టు దిగేసరికి ఇరవై ఏళ్ళ పిల్లలం మా జుట్టు అవ్వల జుట్టులా ఉండేది, ముక్కు చీదితే దూది వచ్చేది. మీ పిల్లల జుట్టు నల్లగా ఎగురుతోంది. తర్వాత వాడొస్తాడు, బైకు మీద, భుజాన గిటారు, ఆనంద్ అట. మిల్లు గేటు దగ్గర ఆగి ఇద్దరు పిచ్చి పిల్లలకు సంగీతం నేర్పుతాడు. చప్పట్లు చరిచి ఒన్ టూ త్రీ ఫోర్ అంటాడు, అప్పుడు మేము వాయిస్తాం. ఆ ఆనంద్ ఎవరో నాకు తెలియదా? కృత్తిక అన్న ఆనంద్‌కుమార్. ఆ రోజుల్లో మా మైక్‌సెట్టు వ్యాను తోలాడు, వ్యానులోనే నిద్రపోయాడు, గిటారుకు తీగలెన్నో ఇవాళ అడిగినా చెప్పలేడు. ఇవాళ మీ సినిమాకు సహనిర్మాత, అందుకని హీరో. ఇక మా పాట. మిల్లు గేటు ముందు పాడిన పాట.

పోగు తెగితే పరిగెత్తి అతికిస్తిమి,
పొద్దు తెగితే ఎవురొస్తారు మేస్త్రీ?

మీ పాటలో "ఎవురొస్తారు మామా" అంట. వానలో. చీర తడిసి. మేస్త్రీని మామను చేశారు. మా వేళ్ళ మీద బాబిన్ పెట్టి కొట్టిన మేస్త్రీని. ఈ ఒక్కదానికే మీ ఆఫీసు తలుపు ముందు ధర్నాకు కూర్చోవాలి. అయినా నన్ను కుదిపింది అది కాదు. ఒకటిన్నర నిమిషం దగ్గర, నా వేషం వేసిన పిల్ల స్టేజి మీద చెయ్యి పైకెత్తి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిలో ఒక్క మెలి తిప్పుతుంది. అది మీకెవరిచ్చారు?

ఆ మెలి సంగతి తెలియాలంటే రింగ్‌ఫ్రేమ్ ఖాతాలో, నూలు వడికే మిషన్ల మధ్య, నిలబడి ఉండాలి. వెయ్యి కదుళ్ళు ఒక్కసారి తిరిగితే ఆ హోరులో పక్కమనిషి అరిచినా వినపడదు. మిల్లు సంగు, అంటే సైరను, ఊదితే కూడా చెవికి కాదు, పాదాలకు తెలిసేది. అందుకని చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళం. నుదుటి మీద చెయ్యి పెడితే మేస్త్రీ వస్తున్నాడు. పొట్ట మీద పెడితే బాత్రూముకు పోతున్నా, నా వరస చూసుకో. రెండు వేళ్ళు మెలి తిప్పితే, పోగు తెగింది, పరిగెత్తు. తెగిన కొసను పట్టుకుని, తిరుగుతున్న దూదికి తగిలించి, ఒక్క మెలి. ముడి ఉండకూడదు. బాగా అతికిస్తే ఎక్కడ తెగిందో మగ్గం మీద కూడా కనపడదు. మా ఖాతాలో ఆ పని జెబమలర్‌లా చేసినవాళ్ళు లేరు. ఆమె అతికించిన చోటు కనిపెట్టమని మేము పందెం వేసేవాళ్ళం, ఎప్పుడూ ఆమే గెలిచేది, గెలిచి మా డబ్బాలో బొరుగుల ఉండ తీసుకుని తినేది, దూరంగా కూర్చుని. దూరంగా ఎందుకు కూర్చునేదో ఇప్పుడు అనుకోనక్కరలేదు. తర్వాత. చర్చిలో గిటారు నేర్చుకుంది ఆమె. ఆదివారాలు చర్చి వెనక గదిలో, పాస్టరమ్మ దయతో, చర్చి డ్రమ్ముల మీద నేను కొట్టడం నేర్చుకున్నాను. కృత్తిక వాళ్ళది మైక్‌సెట్టు అంగడి, పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే గూటాలనే పెద్ద స్పీకర్లు, వాటిలోంచి వచ్చింది మా సంగీతం, పెళ్ళికి పిలిచినట్టూ కొట్లాటకు పిలిచినట్టూ ఉండేది. గూటాల హోరులో ఒకరి మాట ఒకరికి వినపడదు కదా. ఎప్పుడు మొదలుపెట్టాలో ఎట్లా తెలిసేది? జెబమలర్ జనానికి వీపు పెట్టి, నా వైపు తిరిగి, తీగల మీంచి చెయ్యెత్తి, రెండు వేళ్ళు ఒక్క మెలి. నా కాలు పడేది. అంతే. ఒన్ లేదు టూ లేదు. లెక్కపెట్టేవాడు ఎవడూ లేడు. తెగింది, అతికించు. అదే మా ఆరంభం. జనానికి ఆమె చెయ్యి కనపడేది కాదు, మా ముగ్గురికే తెలుసు.

ముగ్గురిలో నేను చెప్పలేదు. జెబమలర్ నేనొస్తే తప్ప మీతో మాట్లాడనందన్నారు. మిగిలింది కృత్తిక. అన్న సహనిర్మాత, ఇల్లు ఇప్పుడు మూడంతస్తులు, గూటాలు పోయి ఎల్‌ఈడీ గోడలు అద్దెకిస్తున్నారు. అమ్ముకుందన్నమాట. పేపరాయన లేచి పోయాడు, ఎవరికో ఫోను చెయ్యడానికే పోయుంటాడు. నేనూ చేశాను.

"ఏమక్కా, మదురై చేరితివా?" అంది కృత్తిక.

"నేను మదురైలో ఉన్నానని నీకెవరు చెప్పినారు?"

"నిన్న నువ్వే కదా ఫోన్ చేసి చెప్పితివి. మతి పొయ్యిందా నీకు?"

"సరి సరి. ఆ వేలి మెలి సినిమావాళ్ళకు ఎట్లా తెలిసింది? మీ అన్న చెప్పినాడా, నువ్వు చెప్పితివా?"

కృత్తిక నవ్వింది, ఆ నవ్వు నాకు నచ్చలేదు. "మా అన్నకు తెలిస్తే కదక్కా, వాడు వ్యానులో గుర్రు పెడతా ఉండె. నువ్వే చూపిస్తివి. మా ఇంట్లోనే, సోఫాలో కూర్చోని, ఆ ప్రియంక పిల్లకు. రెండు మాట్లు చూపిస్తివి. 'ఇది నేను కనిపెట్టింది' అంటివి. నేను వంటింట్లో కాఫీ కలుపుతా వింటిని."

"నేనట్లా అనలేదు."

"అంటివి. పోనీలే. ఇంకొకటి తెలుసునా? ట్రైలర్ కింద మలర్ కూతురు ఫోటో వేసిండాది. చారులత అని. మనం ముగ్గురూ చర్చి ముందర నిలబడుకోని తీసుకుంటిమే, అది. 'ఇందులో నడుమ ఉండేది మా అమ్మ, సినిమాలో యాడ?' అని రాసింది. వేలమంది చూసినారు. అప్పటి నుంచే సినిమా వకీలు పరుగులు. అందుకే ఆ సంతకం."

"నీకూ ఒక కాయితం ఇచ్చినారు కదా, సంతకం పెట్టినావా?"

"లేదక్కా. చెయ్యి రాలే. నువ్వేమి చేస్తావో చూసి చేద్దామని ఉండా."

ఫోను పెట్టేసింది. మీ రహస్యం తేలిపోయింది, భయం. ఒక్క ఫోటో భయం. గెలిచినట్టు అనిపించాలి నాకు. అనిపించలేదు. సోఫా గుర్తొచ్చింది. మెత్తటి సోఫా, ఎదురుగా ప్రియంక, ఫోనులో రికార్డు పెట్టి కళ్ళు పెద్దవి చేసుకుని, "వావ్ ఆంటీ, ఎవరి ఐడియా?" అంది. నా చెయ్యి గాలిలో ఉంది. ఒక్క క్షణం ఉంది మధ్యలో, ఆ క్షణంలో జెబమలర్ అని చెప్పొచ్చు. చెప్పి ఉంటే ఎవరు జెబమలర్ అని అడుగుతుంది. అడిగితే ఆమె ఎందుకు పోయింది అని అడుగుతుంది. "నాదే" అన్నాను. పెద్ద పని చేసినట్టు కాఫీ తాగాను. ముప్పై ఏళ్ళు గేటు ముందు నిలబడి, ఎవరి పని ఎవరి పేరు మీద పోతోందో చూడండమ్మా అని అరిచినదాన్ని నేను.

సరే. ముల్లు దగ్గరికి చెయ్యి పోతోంది, పోనివ్వండి. సంఘం హాలు. మా తెలుగువాళ్ళ సంఘం, నాయుళ్ళ సంఘం, కల్యాణమంటపం కట్టుకున్నారు, వార్షికోత్సవానికి మమ్మల్ని పిలిచారు. పట్టపగలు, పదకొండు గంటలకు. గూటాలు రెండు తూర్పుకు, రెండు పడమరకు. మాటలు మా ఇంటి తెలుగులో ఉన్నాయని ముసలివాళ్ళు ముందు బెదిరి తర్వాత నవ్వారు. అందరూ మా పాటలో అవ్వల మాటలు విని పొంగిపోయారు. అవి ఎవరి అవ్వ మాటలు? జెబమలర్ అవ్వవి. అంటరానివాళ్ళని ఊరు బయట పెట్టిన అరుంధతియర్ కాలనీలో కూడా తెలుగే, మా ఇంటి తెలుగే, ఒక్క మాట తేడా లేదు. మా ఇంట్లో ముందు గుమ్మంలో మాట్లాడితే మేము, వెనక దొడ్డిలో నిలబడి మాట్లాడితే వాళ్ళు. అంతే తేడా. కార్యదర్శి అయ్యాసామి మామ స్టేజి ఎక్కి మైకు పట్టుకుని, "నాలుగు వందల ఏండ్ల నుంచి మన ఇండ్లల్లో ఉండే భాషను ఈ మన బిడ్డలు ఇద్దరూ బతికించినారు" అన్నాడు. ఇద్దరూ అన్నాడు. ముగ్గురం నిలబడి ఉన్నాం. జెబమలర్ గిటారు తీగ సర్దుకుంటున్నట్టు వంగింది. తర్వాత భోజనాలు. పంక్తిలో నేను కూర్చున్నాను, కృత్తిక కూర్చుంది. మా అమ్మ కమలమ్మాళ్ చాలా ప్రేమగా, ఆ ప్రేమ చూస్తే ఎవరూ తప్పు పట్టలేరు, ఆకులో చుట్టిన పొట్లం జెబమలర్ చేతిలో పెట్టి, "బస్సు పోతాది కణ్ణు, ఇంటికి పోయి తిను" అంది. సింగానల్లూరు బస్సు ప్రతి పది నిమిషాలకూ ఉంది. ఆమె నా వైపు చూసింది. నేను పాయసం రెండోసారి పోయించుకున్నాను.

అనుమానం నా వృత్తి. కంపెనీ ముతలాళి మీద, మేనేజరు మీద, సంఘంలో చేరిన కొత్తవాళ్ళ మీద, పాతవాళ్ళ మీద. ఇవాళ పేపరాయన మీద, కృత్తిక మీద, ఇంకా రాని జెబమలర్ మీద. ఒక్కరి మీదే పడలేదు ఇన్నేళ్ళూ. ఆ తర్వాతి నెల క్యాసెట్టు వేశాం, ఐదువందలు. నాయుళ్ళ సంఘం ఆఫీసులో పెట్టి అమ్ముతామన్నారు. మా నాన్న అన్నాడు, "ఆ పిల్ల పేరు అట్ట మీద ఉంటే ఆఫీసులో పెట్టనియ్యరు. చూసి రాయి." నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది, అందుకని అట్ట నేనే రాశాను, తమిళ అక్షరాలతో, ఆకుపచ్చ పెన్నుతో. పాటలు, డ్రమ్ములు, తిలకవతి. గానం, బేస్, కృత్తిక. కింద, చిన్నగా, మూలకు. సాయం, మలర్. జెబ అన్న సగం తీసేశాను, అది చర్చి పేరు, ఉంటే ఏ ఊరి చివర పిల్లో తెలిసిపోతుందని. అయిదు వందల అట్టలు అచ్చయ్యాయి. తర్వాతి ఆదివారం చర్చి వెనక గదికి ఆమె రాలేదు. పెళ్ళయి పోయిందని నేనే అందరికీ చెప్పాను. ఆ పెళ్ళి మూడేళ్ళ తర్వాత జరిగింది.

ఇదే మీ నాలుగో పేరా. మలర్ అనబడే. సాయం చేసిన వ్యక్తి. మీ వకీలు కొత్తగా కనిపెట్టలేదు, నా అట్ట చూసి రాసుకున్నాడు. నేను ఇచ్చిన అట్ట. ఆ సోఫాలో కూర్చున్న రోజునే భద్రంగా కవరులో పెట్టి ప్రియంకకు ఇచ్చాను, "ఒరిజినల్ అమ్మా, జాగ్రత్త" అని. ఇంకా ఏమిచ్చారు మీరు నాకు? తెర మీద మొదటి అక్షరాలు, "తిలకవతి జీవితం ఆధారంగా". మొదటి ఆట అవినాశి ఆడపిల్లలకు ఉచితం. మా సంఘానికి అది ఎంత బలమో మీకు తెలుసు, అందుకే అన్నారు. కాయితం చించేస్తే? చించడం సులభం. చించి పారేసి, జెబమలర్ రాగానే చూడు నీ కోసం చించాను అంటే, చేతులు కడుక్కున్నట్టు. నా మీద నాకు అనుమానం మొదలయ్యాక ఆ చించడం మీద కూడా అనుమానమే. పోనీ ఇవ్వకుండా లేచి పోతే? ఆరప్పాళయం బస్టాండుకు పోయి కోయంబత్తూరు బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు. వచ్చాను, రాలేదు అని మీకు చెప్తే నమ్ముతారు. నేను చెప్పినవి అన్నీ నమ్మారు కదా. సంచి భుజానికి తగిలించుకుని లేచాను. లేచిన మాట నిజం.

మార్కెట్టు గేటు దగ్గర ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నడుముకు గోనె కట్టుకుని, తలకు టవలు చుట్టుకుని. అంత దూరంలో మొహం తెలియలేదు. ఆమె చెయ్యి పైకెత్తింది. రెండు వేళ్ళు, ఒక్క మెలి. బస్టాండు సిమెంటు నేల మీద నా కుడికాలు దానంతట అదే పడింది, దభీమని. పేపరాయన మురుకుల పొట్లంతో తిరిగొచ్చి కూర్చుంటున్నవాడు ఉలిక్కిపడ్డాడు.

దగ్గరికి వచ్చింది. కొత్తిమీర వాసన. "తిలకా, ముసలిదానివైపోతివే."

"నువ్వు మాత్రం?"

"నాకు వయసయ్యింది. నువ్వు ముసలిదానివైతివి." పక్కన కూర్చుంది. కరివేపాకు, కొత్తిమీర కట్టలు పన్నెండుకు అయిపోతాయట, అందుకే పన్నెండు అందట. అంతే. దానికి నేను గంటసేపు ఏమేమి అల్లానో. "కాయితం తీయి. చదువు. కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోతిని."

చదివాను. మూడు పేరాలు గేటు మీటింగు గొంతుతో. నాలుగోది మొదలుపెట్టి ఆగిపోయాను.

"ఏమి, ఆపితివే? సాయం అని ఉండాదా?"

"నీకెట్లా తెలుసు?"

"నీ మాటే కదా. నీ ఆకుపచ్చ పెన్ను మాట. క్యాసెట్టు నేనూ ఒకటి కొంటిని, సంఘం ఆఫీసులోనే. వాకిట్లో నిలబెట్టి ఇచ్చిరి." కోపంగా అనలేదు. కూరల ధర చెప్పినట్టు అంది. "సినిమావాళ్ళు పాపం నిన్ను నమ్మి కాపీ కొట్టినారు."

"చించేస్తాను మలర్. ఇప్పుడే."

"చించితే నువ్వు మంచిదానివైపోతావు. నాకేమి వస్తాది?"

"నన్ను..." అన్నాను.

"అది ఇంకొక రోజుకు పెట్టుకో. దానికి తొందర లేదు, నాకూ తీరిక లేదు, మూడింటికి దిండిక్కల్ లోడు వస్తాది. కాయితం తిప్పు. వెనక ఖాళీగా ఉండాది కదా. రాయి. ఆ పాటలు నువ్వు రాయలేదని రాయి. సంతకం నువ్వు పెట్టు. లోకమంతా సంతకాలు పెట్టించుకుంటా తిరుగుతావంట కదా, ఒకటి పెట్టి చూడు, ఎట్లుంటాదో."

"ఏ భాషలో రాసేది?"

"పాట ఏ భాషలో ఉండాదో ఆ భాషలో. నేను చదవలేను, చారు చదివి చెప్తాది, అది నేర్చుకుంది." లేచి గోనె దులుపుకుంది. "నోటుబుక్కు నా దగ్గరే ఉండాది. ఇరవై రెండు పాటలు. మనం పాడింది ఏడే. ముప్పై ఏండ్లు ఎవురూ అడగలే."

"ఇప్పుడు అడుగుతున్నాను."

"నువ్వు అడిగితే ఇయ్యను. వాళ్ళను అడగమను." నాలుగడుగులు వేసి తిరిగింది. "కృత్తికను అడిగినానని చెప్పు. దానికి బేస్ ఇంకా వస్తాదా?"

నేను జవాబు చెప్పేలోపు గేటు దాటింది. పేపరాయన నా వైపు పొట్లం చాపి, మురుకు తీసుకోండమ్మా అన్నాడు. తీసుకున్నాను. ఆయన నాగర్‌కోవిల్ బస్సు కోసం కూర్చున్నాడట, బస్సు లేటట.

కాబట్టి వినండి, మీ కాయితం వెనకవైపు రాస్తున్నాను, నా తెలుగులో తప్పులుంటే దిద్దుకోండి, విషయం మాత్రం దిద్దొద్దు. రింగ్‌ఫ్రేమ్ పాటలు ఒక్కటీ నేను రాయలేదు. జెబమలర్ రాసింది, జెబమలర్ పాడింది, వేలి మెలి జెబమలర్‌ది. క్యాసెట్టు అట్ట మీద అబద్ధం రాసింది నేను. మీకు అబద్ధం చెప్పింది నేను. అది తెలియక తీశారు, సరే. ఫోటో చూశాక తెలిసింది కదా, తెలిసీ ఈ కాయితం తయారు చేశారు, దాన్ని మోయడానికి నన్ను పంపారు. అందుకే దొంగలు అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకోను, నన్ను కూడా కలుపుకోండి. విడుదల ఆపండి. మూడో ఆడపిల్లను పెట్టి మళ్ళీ తీయండి, ఆమె నడుమ నిలబడాలి, ఫోటోలో నిలబడినట్టు. చప్పట్లు చరిచి లెక్కపెట్టే ఆ ఆనంద్‌ను వ్యానులో నిద్రపోనివ్వండి. మామ అన్నచోట మేస్త్రీ అనే పాడించండి. సంఘం హాల్లో పంక్తి, ఆకు పొట్లం, నా రెండో పాయసం, అన్నీ చూపించండి, నా వేషం వేసే పిల్లను నన్ను వచ్చి అడగమనండి, ఎట్లా తిన్నానో చూపిస్తాను. తెర మీద నా పేరుతో ఉన్న మొదటి అక్షరాలు తీసేయండి. అయ్యాసామి మామ కొడుకులకు కూడా చెప్తున్నాను, హాలు గోడ మీద మా ఇద్దరి ఫోటో ఉంది, దాన్ని ఆదివారం నేనొచ్చి దించుతాను, ముగ్గురిదీ పెడతాను, అడ్డం రావాలనుకున్నవాళ్ళు రండి. నోటుబుక్కు కావాలంటే మాట్టుతావణి మార్కెట్టులో కరివేపాకు వరసకు వచ్చి, నిలబడి, ఆమెను అడగండి. ఇస్తుందో ఇవ్వదో ఆమె ఇష్టం. ఇవ్వకపోతే ఒక్క పాట కూడా మీ సినిమాలో ఉండకూడదు. కింద సంతకం పెట్టాను, తిలకవతి, సింగానల్లూరు. కృత్తిక కోసం పక్కన చోటు వదిలాను. శుక్రవారం లోపల జవాబు రాయండి. నాకు వద్దు, ఆమెకు రాయండి. పూర్తి పేరుతో.